ఏడు వేళ్ళ మేస్త్రి

ఎలుకల మందు పెట్టలేదంటావు. పక్క తోటోళ్ళు పెట్టలేదంటావు. పాము కరవలేదంటావు. మరి ఏమొచ్చిందన్నా ఈ పిల్లికి? మునియప్పన్నా, నిన్నే అడిగేది! ఆ పాలక్యాను మూత ఎన్నిసార్లు తీస్తావు, ఎన్నిసార్లు పెడతావు? దాన్ని వదిలిపెట్టి నాకు జవాబు చెప్పు.

కూర్చో ముందు. నువ్వు నిలబడి చేతులు పిసుక్కుంటే లోపల పడుకున్నోడు లేచి నడస్తాడా? అరుగు దులుపుకోని కూర్చో. గని కాడ పోసిన సైనైడ్ గుట్టల మన్ను అది. గాలి లేస్తే చాలు, మా గని క్వార్టర్ల లైనంతా పిండి చల్లినట్లయితాది. నీకు తెలియందా! కామసముద్రం నించి దినామూ ఈ దారినే గదా పాలు తెస్తావు.

పశువుల డాక్టరు మోహన్‌కుమార్ చెప్పింది నీ చెవులతో నువ్వే విన్నావు. నోరంతా పుండైపోయింది, నాలిక మీద తోలు లేదు, మండే వస్తువేదో నాకినాడు, ఒక దినం గాదు, శానా దినాలు నాకినాడు అన్నాడా లేదా? ఆస్పత్రి కాడ ఆవుల్ని తోలుకోని వచ్చి కూర్చోనుండారంట, చూసుకోని సందకాడ వస్తానన్నాడు. అప్పటికి వాడంతట వాడు ఒక గుక్క పాలు తాగితే నమ్మకం పెట్టుకోవచ్చంట. తాగకుంటే? తాగకుంటే ఇంగ నన్నేమీ అడగొద్దమ్మా అని బండెక్కినాడు.

నువ్వేమో ఏమీ తెలీదంటా ఉండావు.

అరస్తా ఉండానా? అరవనీ. లైనోళ్ళు వింటే విననీ. వినేదానికి ఎవరుండారు ఈడ, నాలుగిండ్లు! మిగిలినవన్నీ బీగాలే గదా.

నాకు పిచ్చి అనుకునేవాండ్లు ఈ ఊర్లో శానామంది. మొగుడు పోయినాక నాగరత్నకి పిల్లుల పిచ్చి పట్టిందంట. అననీ. నేను పిల్లుల్ని పట్టుకోలేదన్నా, అవే వచ్చి నన్ను పట్టుకున్నాయి. బంగారు గని మూసేసినారు. ఒక్కొక్క ఇంటోళ్ళే బెంగుళూరికి పోతా వచ్చినారు, ఈ పొద్దుకి గూడా పోతానే ఉండారు. గ్యాసు సిలిండరు ఎత్తుకుంటారు, టీవీ ఎత్తుకుంటారు, తులసి కుండీ గూడా ఆటోలో పెట్టుకుంటారు. పిల్లిని మాత్రం వదిలేస్తారు. అది బీగం వేసిన తలుపు ముందర కూర్చోని ఉంటాది. పిలిస్తే రాదు. అన్నం పెడితే చూడదు. తలుపు ఎప్పుడు తీస్తారా అని చూస్తా ఉంటాది. అట్ల కూర్చున్నదాన్ని ఒకదాన్ని ఎత్తుకొచ్చినాను. ఇంగొకటి. ఇంగొకటి. నా ఇల్లు చాలక పక్కన ఖాళీగా పడుండే క్వార్టరు ఊడ్చి దాంట్లో సాకినాను. ఇప్పుడు దానికి పిల్లుల ఆశ్రమం అని పేరొచ్చింది. వసంత్ బోర్డు గూడా రాయించి తగిలించినాడు, ఇంగ్లీషులో.

వసంత్‌ని చూసుంటావులే. మా లైన్లోనే పుట్టి, బెంగుళూర్లో కంప్యూటర్ పనికి పోయినాడే, వాడు. ఆదివారమైతే రైలెక్కి వచ్చేస్తాడు. ఫోన్లో పిల్లుల పేజీ నడిపేది వాడే. ఆ పేజీ చూసినోళ్ళు తిండి మూటలు, మందులు, పాత దుప్పట్లు పంపిస్తే మోసుకొచ్చేదీ వాడే. మంచోడే. కానీ ఫోటోలు తీసేదానికి కూర్చున్నాడంటే నాకు ఒళ్ళు మండుతాది. మామూలు పిల్లి వానికి కనపడదు. "అక్కా, ఇట్లాంటివి ఊర్లో అందరిండ్లలో ఉంటాయి, దీన్ని ఎవరు చూస్తారక్కా?" అంటాడు. వింత గావాల వానికి. వానికి గాదులే, చూసేటోళ్ళకి.

సైరన్ అని ఒకటుండేది, గుర్తుండాదా? తెల్లది. ఒక కన్ను నీలం, ఒక కన్ను పసుపు. పుట్టుచెవిటిది. దాని గొంతు దానికే వినపడదు గదా, అందుకని షిఫ్టు సైరన్ కొట్టినట్ల అరిచేది. దాని వీడియో పెట్టినాడు వసంత్. వారం తిరగలేదు, కారేసుకోని దిగినారు మొగుడూ పెండ్లామూ. ఆయమ్మ దాన్ని చంకనెత్తుకోని "దీని కండ్లు మా హాల్లో కర్టెన్లకి బాగా మ్యాచ్ అవుతాయి" అనిందన్నా! చెవిటిదమ్మా ఇది, వీధిలోకి వదలొద్దండి, వెనకొచ్చే బండి దీనికి తెలీదు అని నేను చెప్తా ఉంటే ఆయమ్మ ఫోన్ చూసుకుంటా ఊఁ కొట్టింది.

తర్వాత శనివారం అని ఇంగొకడు. వాడు పుట్టిందే తూలుడు నడకతో. నాలుగడుగులేస్తే పక్కకి పడిపోయేవాడు. జీతాల శనివారం తాగి తూలుకుంటా ఇంటికొచ్చే గని మొగోళ్ళు గుర్తొచ్చి ఆ పేరు పెట్టినాను. వాడు గూడా పోయినాడు, చూసి నవ్వుకునేదానికి తీసుకుపోయినారు. తోక లేనిది పోయింది. మీసాలు మెలి తిరిగింది పోయింది. నల్లది పోలేదు. చారలది పోలేదు. తూలకుండా నడిచి, రెండు కండ్లూ ఒకే రంగులో ఉండి, పెట్టింది తిని ఒక మూల పడుకునేవి ఉండాయి చూడు, వాటిని అడిగిన పాపాన పోలేదు ఒకరూ.

ఇంగ మేస్త్రి, ఇప్పుడు లోపల పడుకున్నోడు. వాడు అందరికంటే పెద్ద వింత. ముందరి కాళ్ళకి అయిదు వేళ్ళుండాల్సిన చోట ఏడేసి వేళ్ళు. చేతికి తోలు గ్లౌజు తొడుక్కోని గ్యాంగు ముందర నడిచే అండర్‌గ్రౌండ్ మేస్త్రి మాదిరే ఉండేవాడు, అందుకే ఆ పేరు. వాడు వస్తే మిగిలినవి గిన్నె వదిలి జరిగేవి. ఎవరినీ కొట్టి ఎరగడు, ఆ చేతులు చూసే భయం వాటికి.

వాని వీడియో ఎంతమంది చూసినారో వసంత్ చెప్తే నాకు నోరు తిరగలేదు. అప్పటినించి మూటలన్నీ వాని పేరు మీదే వస్తాయి. "మేస్త్రికి ప్రేమతో" అని రాసుంటారు. తినేది పిల్లులన్నీ. నల్లది తినేది మేస్త్రి పేరు మీదే, చారలది తినేది మేస్త్రి పేరు మీదే. కుక్క కరిచినదానికి కుట్లేయించింది గూడా వాని పేరు చెప్పుకొనే. ఇంగ పాలంటావా, అవి నీవి. అడక్కుండానే హోటళ్ళకి పోయే క్యాన్లోంచి దినామూ ఒక చెంబు పోసి పోతావు. నేను కాదనలేదే! నీ పాలు తాగి నిన్నే అంటా ఉండాను, అది గూడా తెలుసు నాకు.

పేరొస్తే ఊరికే ఉంటారా జనం? చేతినిండా ఉంగరాలేసుకున్నోడు ఒకడు దిగినాడు. ఏడు వేళ్ళ పిల్లి నిధి ఉండేచోట నేలని గీరుతాదంట. పూజకి గావాలంట. పూజ అయినాక పిల్లిని ఏం జేస్తావు నాయనా అని అడిగితే నోట్ల కట్ట చేతిలో పెట్టబోయినాడు. చీపురు తిరగేసినాను. "ఈ ఊరి కింద నూరేండ్లు తవ్వినారురా! మా తాత పుంగనూరు కాడి పల్లె నించి వచ్చి తవ్వినాడు, మా నాయన తవ్వినాడు, నా మొగుడు తవ్వి తవ్వి దగ్గుకుంటా పోయినాడు, నా ముక్కుకుండే ఈ పుడక తప్ప యాడైనా బంగారం కనపడతా ఉండాదా నీకు?" అని అడిగినాను. పోయినాడు. పోయినాడు గాని, ఆ వారంలోనే ఆశ్రమం వెనక కిటికీ కమ్మి ఎవరో వంచేసినారు.

అప్పుడే గదా నిన్ను అడిగింది?

పెంచుకోమని ఇయ్యలేదన్నా వాన్ని నీకు. దాచమని ఇచ్చినాను. నువ్వేమో అదే వారంలో, షెడ్డులో ఎలుకలు పడి పట్టుపురుగుల్ని తట్టల్లోంచి ఈడ్చుకుపోతా ఉండాయి, నాకొక పిల్లి గావాల నాగరత్నమ్మా అన్నావు. నాకు దేవుడే పంపించినట్ల అనిపించింది. మునియప్పన్న ఇల్లు గుడి మాదిరి ఉంటాది, చిన్నవెంకటమ్మ వదినె చేతి అన్నం తింటాడు, నిధి అని తిరిగే దొంగనాకొడుకులు ఆ పల్లె దాకా రారు అనుకున్నాను. వసంత్‌కి గూడా యాడుండాడో చెప్పలేదు నేను. పల్లెలో తెలిసినోళ్ళింట్లో భద్రంగా ఉండాడప్పా, వీడియో పంపిస్తారులే అన్నాను. మీ బిడ్డ అర్పిత పంపిస్తానే వచ్చింది పాపం, వారానికొకటి. షెడ్డు తలుపు కాడ ఎండలో పడుకున్నది, ఎలుకని నోట్లో కరుచుకోని వచ్చింది. పోయిన వారంది చూసి, ఏందిరా బక్కపడినట్లుండాడే అనుకున్నాను. ఎలుకల వెనక తిరిగి తిరిగి అట్లయినాడేమోలే అని ఊరుకున్నాను.

తినడం మానేసి ఎన్ని దినాలైందన్నా? నిజం చెప్పు. సంగటి పెడితే వాసన చూసి పోతా ఉన్నాడా? నోట్లోంచి జొల్లు కారతా ఉన్నాదా? కారతా ఉంటే చూసుకుంటా కూర్చున్నావా? పురుగులు మేత మీద ఉండాయి, ఇడిచిపెట్టి రాలేకపోయినావు. సరే. పురుగులకి ఆకు కోసి వెయ్యకుంటే చస్తాయి. పిల్లి అయితే ఆగుతాది, అంతే గదా?

ఇంగొకటి అడుగుతాను. నువ్వు తెచ్చిన బుట్టలోంచి ఎత్తి గుడ్డలో చుట్టేటప్పుడు వాని కాళ్ళు చూసినాను. వేళ్ళ సందుల్లో ఎర్రగా కోసుకుపోయి ఉండాది. గోళ్ళ చుట్టూ తెల్లగా పొరలు లేచుండాయి. ఎందుకు అట్లుండాయి? యాడ తిరిగినాడు వాడు?

ఏమన్నావు? గట్టిగా చెప్పు.

ముంచినావా? కాళ్ళు ముంచినావా? దేంట్లో?

...

బ్లీచింగ్ నీళ్ళల్లో.

షెడ్డు గడప ముందర టబ్బు పెట్టుంటావు, అదా? మనుషులు కాళ్ళు ముంచి లోపలికి పోయేది? దాంట్లో పిల్లిని...? పొద్దున ఒకసారి. సందకాడ ఆకు వేసేటప్పుడు ఒకసారి. దినామూ. ఇచ్చినప్పటినించీనా?

అయ్యో, అయ్యో, అయ్యో.

నేను నవ్వుతా ఉండానని అనుకోవద్దన్నా. నాకు ఏం చేయాలో తెలీక వస్తా ఉండాది ఇది. ఎట్ల ముంచినావు? గింజుకోలేదా వాడు? చంకలో పెట్టుకోని, బుజ్జగించి, ఒక్కొక్క కాలూ... వేళ్ళెక్కువ గదా, సందులెక్కువ గదా, సందుల్లో మైల నిలిచిపోతాదని... వేలు వేలూ విడదీసి? బొటనవేలితో రుద్ది?

అందరికీ ఒకసారి ముంచితే చాలు, వీనికి మాత్రం ఇంకొంచెం సేపు పట్టుకున్నావు. చేతులు పెద్దవి గాబట్టి.

తుడిచినావా? తుడవలేదు. తుడిస్తే మందు పోతాది. ఆ తడికాళ్ళతోనే లోపల సున్నమూ పౌడరూ చల్లిన నేల మీద దించినావు. వాడు ఎలుక కోసం తట్టల కిందంతా తిరిగి, బయటికొచ్చి ఎండలో కూర్చోని ఏం జేస్తాడన్నా? ఏం జేస్తాది పిల్లి? నీకు ఆవులు తెలుసు, పురుగులు తెలుసు, ఏ పిల్లి కాళ్ళు నాక్కోకుండా కూర్చునింది చెప్పు! మనిషైతే కాళ్ళు కడుక్కోని పోతాడు. పిల్లికి నాలికే చెంబు, నాలికే నీళ్ళు. నువ్వు రుద్ది పెట్టినదాన్నంతా వాడు నాకి నాకి కడుపులోకి పంపించినాడు. ఏడు వేళ్ళ సందుల్లోదీ.

అర్పిత వీడియోలో చూసినాను నేను. ఎండలో కూర్చోని కాళ్ళు నాక్కుంటా ఉంటే ఎంత శుభ్రంగా ఉండాడో నా బిడ్డ అనుకున్నాను. వసంత్ దాన్నే పేజీలో పెట్టినాడు. అందరూ గుండె బొమ్మలు పెట్టినారు కింద.

తల వంచుకోవద్దు. నా మొహం చూడు.

తెలుసులే. నువ్వెందుకు అట్ల చేసినావో నాకు తెలీదా? పోయిన పంట నాలుగో జ్వరం లేచి, కడాసారి తోలు విడిచి, ఇంగ వారం గడిస్తే గూళ్ళు కట్టే పురుగులు, పాలరోగం తగిలి తట్టలకి తట్టలు కారిపోతే గుంట తవ్వి పూడ్చినావు. వదినె ఆ గుంట గట్టున కూర్చోని ఇంట్లో మనిషి పోయినట్ల ఏడ్చిందని ఈ అరుగు మీదే గదా నాకు చెప్పినావు. రోగం ఎవరి కాలితో వచ్చిందో తెలీదు. అప్పటినించి నీకు అందరి కాళ్ళ మీదా అనుమానమే. కాళ్ళు ముంచమంటే నీ బావమర్ది అలిగి అన్నం తినకుండా బస్సెక్కినాడంట. ఊదుబత్తి పొగ తగులుతాదని దేవుని పటం గూడా షెడ్డు కాడ నించి తీసేసినావంట. బావమర్దినే వదలనోనివి పిల్లిని ఎందుకు వదుల్తావు? న్యాయమే. షెడ్డులో పనిచేసే మనిషి మాదిరి చూసినావు వాన్ని. మర్యాద ఇచ్చినావు.

అదే నాకు కడుపు మండేది! నువ్వు దుర్మార్గునివైతే ఎంత బాగుండు! ఆ ఉంగరాల వాని మాదిరి అయితే చీపురు తీసుకుందును. చంకలో పెట్టుకోని, బుజ్జగించి, దినానికి రెండుసార్లు విషం రుద్దిన మనిషిని ఏ చీపురు పెట్టి కొట్టాలన్నా?

ఉండు. లోపల ఏదో కదిలినట్లుండాది. చూసొస్తాను.

...

ఏమీ లేదు. దుప్పటి జారింది, అంతే. నీ పాలే గిన్నెలో పోసి మూతి కాడ పెట్టినాను. వాసన చూసినాడు. నాలిక చాచబోయి లోపలికి తీసుకున్నాడు. మంట. పాలు గూడా మండుతా ఉండాయి వానికి. వేలితో పెదవికి రాస్తే మొహం తిప్పుకున్నాడు. కండ్లు మాత్రం తెరిచే ఉండాడు. నన్ను గుర్తుపట్టినాడు. పట్టినాడనే అనుకుంటా ఉండాను.

నువ్వు లోపలికి రావద్దు. వద్దంటే వద్దు. నిన్ను చూస్తే కాళ్ళు ముడుచుకుంటాడేమో.

ఇంగ ఏమి? క్యాను ఎత్తుకుంటావు, మళ్ళీ దించుతావు. చెప్పేయ్. ఇంతకంటే ఏముంటాది?

...

ఇంగొక పిల్లినా!

మునియప్పన్నా, నీకు సిగ్గుండాదా? లోపల ఒకడు ప్రాణం పట్టుకోని వేలాడతా ఉండాడు, నువ్వు అరుగు మీద కూర్చోని ఇంగొకదాన్ని అడగతా ఉండావా? ఇది పిల్లుల అంగడా? చెప్పు చెడిపోతే ఇంకో జత అడిగినట్ల అడుగుతావే! సుమ్నే ఉండు, ఏం మాట్లాడద్దు నువ్వు!

ఆఁ. పురుగులు నాలుగో జ్వరం నిన్న లేచినాయి. ఇప్పుడే ఎక్కువ తింటాయి. ఇప్పుడే లావెక్కుతాయి. ఎలుకలకీ ఇప్పుడే రుచి. మేస్త్రి పడిపోయినప్పటినించి రాత్రికి ఇన్ని అని తట్టల్లో తక్కువైతా ఉండాయి. వదినె లాంతరు పెట్టుకోని కావలి కూర్చుంటా ఉండాది. ఈ పంట గూడా పోతే ఆవుల్ని అమ్మాల. ఆవుల్ని అమ్మితే...

ఆవుల్ని అమ్మితే నాకు పాలు యాడివి అంటావు. నువ్వనలేదులే. నేనే అనుకుంటా ఉండాను. నువ్వు బెదిరించే మనిషివి గాదు, అది గూడా నాకు తెలుసు. బెదిరించినా బాగుండు.

మామూలుది చాలంటావా? వేళ్ళు ఎన్నుంటే ఏమి, కాళ్ళు ముంచనంటావా? వదినె మీద ఒట్టా? ఒట్టెందుకన్నా, నువ్వు చెప్తే చాలు. నువ్వు ముంచవు. ముంచొద్దంటే జన్మలో ముంచవు. అంత మాట మీద నిలబడే మనిషివి గాబట్టే గదా, లోపలికొచ్చే ప్రతి కాలూ ముంచమని పట్టు ఆఫీసోళ్ళు అన్నప్పుడు అన్నిసార్లు ముంచినావు!

ఉండు. ఉండు, నోరు మూసుకో. లోపల...

...

...

పోయినాడన్నా.

నేను పోయేసరికి గిన్నె పక్కన తల పెట్టినాడు. తాగేదానికి వచ్చినాడేమో, తెలీదు. చెయ్యి చాపి ఉండాడు. ఆ చెయ్యి పట్టుకున్నాను. ఇంకా వెచ్చగానే ఉండాది.

ఏడవద్దు. వద్దన్నా. పెద్దమనిషివి, నువ్వు అట్ల తుండుగుడ్డ నోట్లో కుక్కుకుంటే నేను ఏమైపోవాల? ఇంతసేపూ అరిచిందాన్ని నేను. కోపముండినంతసేపూ నాకు బాగుండింది. ఇప్పుడు అది గూడా లేదు.

డాక్టరుకి ఫోన్ చేయాల, రావద్దని. చేస్తానులే. కాసేపు కూర్చోనీ.

లోపల పిల్లులన్నీ గిన్నె చుట్టూ చేరినాయి చూడు. వానికి పోసిన పాలు. చారలది ఒక చుక్క లేకుండా నాకేసింది. నల్లది వాని పక్కన కూర్చోని ఒళ్ళు తుడుచుకుంటా ఉండాది. వాటికేం తెలుసు? ఆకలైంది. అంతే.

అన్నా. ఎల్లుండి ఆదివారం.

వసంత్ వస్తాడు. మూటలు తెస్తాడు. మేస్త్రికి ప్రేమతో అని. ఏమని చెప్పేది వానికి? చచ్చిపోయినాడని చెప్తే ఏడుస్తాడు పాపం, మంచోడు. పేజీలో దండేసిన ఫోటో పెడతాడు. అందరూ ఏడుస్తారు. ఎవరు చంపింది అంటారు. ఎవరింట్లో పెట్టినావు, ఎందుకు పెట్టినావు అంటారు. నీ పేరు, నీ ఊరు, నీ షెడ్డు ఫోన్లల్లో తిరుగుతాది. నిన్ను తిడతారు, నిన్ను ఎన్నడూ చూడనోళ్ళు. ఆ తిట్లు గూడా కొన్నాళ్ళే. తర్వాత యాడో రెండు మూతుల పిల్లి పుట్టుంటాది, దాని కాడికి పోతారు. మూటలు నిలిచిపోతాయి. ఈ నల్లదానికి ప్రేమతో అని రాసేదానికి ఎవరుండారు చెప్పు? నువ్వు పోసే చెంబు పాలు ఇన్నిటికీ యాడ చాలతాయి?

వాండ్లకి మేస్త్రి గావాల. సరే, మేస్త్రినే ఇద్దాం.

అర్పిత ఫోన్లో వానివి ఇంకా ఉండాయి గదా, నాకు పంపించనివి? నాకు తెలుసు, ఆ బిడ్డ దినామూ తీసేది. మంచివి ఏరి పంపించినాను అత్తా అనింది ఒకసారి. మిగిలినవి చెరపొద్దని చెప్పు. వారానికొకటి పంపించమను. ముందు పంపించినట్లే. తలుపు కాడ పడుకున్నది, ఎలుకని ఆడించింది, వదినె ఒళ్ళో కూర్చున్నది. మొదట్లో తీసినవి, లావుగా ఉన్నప్పటివి. మందుకి కాళ్ళు తెల్లగా అయి కనపడేవి మాత్రం వద్దు.

అట్ల చూడొద్దు నన్ను. తప్పా? తప్పే. నేనేమైనా ఒప్పన్నానా?

బిడ్డతో అబద్ధం ఎట్ల చెప్పించేదంటావా? అబద్ధం ఆ బిడ్డతో చెప్పించొద్దు. వీడియోలు పంపించమను, అంతే. చెప్పేది నేను చెప్తాను. నాకు ఏం పోయింది? పిల్లుల పిచ్చిది అని పేరు ఎట్లాగూ ఉండాది.

బుట్ట ఇట్లియ్యి. నల్లదాన్ని తీసుకుపో. ఎలుకల్ని బాగా పడతాది, ఎవరూ వీడియో తియ్యలేదు, అందుకని ఎవరికీ తెలీదు. లోపలికి రానీయి, బయటికి పోనీయి, కాళ్ళ జోలికి పోవద్దు. సున్నం చల్లిన దినం షెడ్డులోకి వదలొద్దు. రోగం తెస్తాదేమో అని నీకు భయమైతే తలుపు బయటే కట్టేసుకో, ఎలుక ఆడికే వస్తాది. జొల్లు కారితే పురుగులు గిరుగులు అనకుండా ఆ పొద్దే ఎత్తుకోని రా.

వీన్ని నేను చూసుకుంటాను. ఈడ గుంత తవ్వితే లైనోళ్ళు చూస్తారు, వసంత్ చెవిలో పడతాది. నీళ్ళ ట్యాంకు వెనకాల ముళ్ళచెట్లుండాయి, ఆడ ఎవరూ తిరగరు. నువ్వు రావద్దు. నీకు హోటలోళ్ళు పాలకి చూస్తా ఉంటారు.

ఆదివారం వాడు వచ్చి, మేస్త్రి ఎట్లుండాడక్కా అంటాడు. బాగుండాడప్పా, పల్లెలో దొరబాబు మాదిరి ఉండాడు అంటాను. చారలది వాని కాళ్ళ చుట్టూ తిరుగుతా ఉంటాది, మూట ఎప్పుడు విప్పుతాడా అని. వాడు దాన్ని దాటుకోని పోతాడు.

నువ్వు చేసింది తెలీక చేసినావు, దానికే నిన్ను ఇంత తిట్టినాను. నేను తెలిసి చేస్తా ఉండాను. ఈ సంగతి తెలిసింది నీకొక్కనికే. ఇంగ నన్ను తిట్టాలంటే నువ్వే తిట్టాల.

తిట్టవు. నీకు చేతగాదు. పాలు పోసి పో.